పాప నవ్విన నెలలో రాలిన జుట్టు

నా జుట్టు గురించి నేనే చెప్పుకుంటే ఎచ్చులకు పోయినట్టుంటుంది. అయినా చెప్పక తప్పదు. పెళ్లిచూపుల నాడు మా అత్త నా మొహం చూసింది తక్కువ, జడ చూసింది ఎక్కువ. నన్ను వెనక్కి తిరగమని, జడను మొదట్లో పట్టుకుని ఒక్కసారి గట్టిగా లాగింది. సవరం పెట్టి మోసం చేస్తున్నారేమోనని ఆమె అనుమానం. చుర్రుమని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె మాత్రం తృప్తిగా తల ఊపి, సొంతమేనని మా మామతో చెప్పింది. ఆ ఒక్క మాటతోనే నా పెళ్లి కుదిరిందని మా అమ్మ కనిపించిన వాళ్ళకల్లా చెప్పుకునేది. నాకు ముక్కు మీదే కోపం. ఎవరి మాటా పడేదాన్ని కాదు. ఆ నాడు మాత్రం నోరు మూసుకుని నిలబడ్డాను. లాగితే లాగింది గానీ ఇంత జుట్టు ఇంకెవరికుందిలే అని లోపల గర్వం కూడా ఉండింది.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మా పుట్టిల్లు చిత్తూరు దగ్గర ఒక పల్లెలో. చెరకు, వేరుశనగ పండించే ఇల్లు. అత్తగారిల్లు తిరుపతిలో. మామకు గుడికి పోయే వీధిలో పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మే అంగడి ఉండేది. మా ఆయన కూడా ఆ అంగట్లోనే కూర్చునేవాడు. కాన్పుకు పుట్టింటికి పోయి, ఆడపిల్లను కని, అయిదో నెలలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సెక్కి తిరుపతికి తిరిగొచ్చాను. దారి పొడుగునా బస్సు ఆగడం, దిగి మళ్ళీ బొగ్గు రాజేయడం. పాపకు పొగ తగలకుండా కొంగు కింద దాచుకుని ఇల్లు చేరేసరికి మా ఇద్దరి మొహాలూ మసి. మా అత్త పాపను అందుకుని, కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసి, తుడిచి, ముద్దులాడి, ఆ తర్వాత గానీ నా వైపు చూడలేదు. చూసి, జడ ఏమి ఇట్లా సన్నబడిపోయిందని అడిగింది.

నేను జడను కొంగు కింద దాచుకున్నాను. పుట్టింట్లో ఉండగానే మొదలైంది అది. మొదట దువ్వెనకు నాలుగు వెంట్రుకలు ఎక్కువొస్తే పట్టించుకోలేదు. తర్వాత తలగడ మీద, చాప మీద, తల రుద్దుకుంటే వేళ్ళ సందున, ఎక్కడ చూసినా నా వెంట్రుకలే. కడుపుతో ఉన్నన్నాళ్ళు రాలడమే ఎరగను. జడ ఇంకా లావెక్కింది కూడా. ఇప్పుడేమో కుచ్చులు కుచ్చులుగా ఊడి చేతికొస్తోంది. పాపిట వెడల్పయింది, కణతల దగ్గర చర్మం కనిపిస్తోంది. అద్దం ముందు నిలబడాలంటే భయం వేసేది. నిలబడకుండా ఉండలేకపోయేదాన్ని.

మా వీధిలో ఆడవాళ్ళందరికీ దానికొక కారణం తెలుసు. బాలింత వేడి అని ఒకామె చెప్పింది. ఆ వీధి బావి నీళ్ళు ఉప్పన, తలకు పడవని ఇంకొకామె చెప్పింది. రేషను బియ్యంలో సత్తువ లేదని, తిండి లేకపోతే జుట్టు ఎక్కడ నిలుస్తుందని ఎదురింటామె దెప్పింది. ఎక్కువమంది చెప్పింది మాత్రం ఒకటే. బిడ్డ తల్లి మొహం గుర్తుపట్టి నవ్వడం మొదలుపెట్టిన నెలలో తల్లికి జుట్టు రాలుతుందట. బిడ్డ నవ్వి నవ్వి తల్లి జుట్టును లాక్కుంటుందట. మా పాప సరిగ్గా ఆ నెలలోనే నవ్వడం నేర్చింది.

నేను ఆ మాట నమ్మాను. నమ్మి ఊరుకుంటే సరిపోయేది, మనసులో పెట్టుకున్నాను. పాప నన్ను చూసి బోసి నోరు తెరిచి నవ్వితే, తిరిగి నవ్వకుండా మొహం పక్కకు తిప్పుకున్న రోజులున్నాయి. దానికేం తెలుసు? నేను నవ్వలేదని ఇంకా పెద్దగా నవ్వేది, కాళ్ళు చేతులు కొట్టుకునేది. అప్పుడు ఏడుపొచ్చేది నాకు. పాపను గుండెకు హత్తుకుని, ఛీ, నేనూ ఒక తల్లినేనా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. మళ్ళీ సాయంత్రం దువ్వెన పట్టుకుంటే ఆ తిట్లన్నీ మరిచిపోయేదాన్ని.

ఇంట్లో నా వెంట్రుక లేని చోటు లేకుండా పోయింది. ఒక మధ్యాహ్నం మామ అంగడి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. రాగి సంగటి ముద్ద విరిస్తే అందులోంచి పొడుగాటి వెంట్రుక ఒకటి సాగుతూ వచ్చింది. మామ దాన్ని మెల్లగా బయటికి లాగి, అన్నం తట్ట పక్కన పెట్టి, ఏమీ జరగనట్టు తినేశాడు. ఆయన ఒక్క మాట అన్నా బాగుండేది. తల కొట్టేసినట్టయింది నాకు. ఆ రోజు నుంచి వంటింట్లోకి పోవాలంటే తలకు గుడ్డ కట్టుకునేదాన్ని. బయటికి రాగానే విప్పేసేదాన్ని. గుడ్డ కట్టుకుంటే ముసలమ్మలా ఉన్నానని నా బాధ. ఆ విప్పేయడం గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మా అత్త నోటితో ఓదార్చే మనిషి కాదు. మెంతులు నానబెట్టి రుబ్బి ఇచ్చేది, మందారాకు నలిపి ఇచ్చేది. గుంటగలగరాకు రసం నూనెలో కాచి సీసాలో పోసి పెట్టింది. ఉల్లిపాయ రసం కూడా పూశాను. ఆ కంపుకు మా ఆయన పక్క మార్చుకున్నాడు. ఇవన్నీ మంచివే కావచ్చు. నేను చేసిన తెలివితక్కువ పనుల ముందు ఏ మంచీ నిలవలేదు. పలచబడింది కనపడకూడదని తడి తల మీదే గట్టిగా లాగి ముడి వేసేదాన్ని. రాలడం తగ్గిందో లేదో చూసుకోవాలని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టక ముందు ఒకసారి దువ్వేదాన్ని. నూనె పెట్టి కుదుళ్ళు మండేదాకా రుద్దేదాన్ని. నిలిచి ఉన్న వెంట్రుకలను కూడా నా చేతులతో నేనే పీక్కున్నాను.

దువ్వుకునేది ఇంటి పంచలో కూర్చుని. పాప నా ఒళ్ళోనే ఉండేది. పక్కన పడుకోబెడితే ఏడుస్తుంది. అందుకని తొడల మీద వేసుకుని, కాళ్ళు ఊపుతూ, తల వంచి జుట్టంతా ముందుకు వేసుకుని దువ్వేదాన్ని. పాప ఆ జుట్టు కింద కేరింతలు కొట్టేది. వేళ్ళకు చిక్కింది చిక్కినట్టు లాగేది. నేను పాప గుప్పిట విప్పి వెంట్రుకలు తీసి, ఉండ చుట్టి, గోడ సందులో పెట్టేదాన్ని. చేతులు చూసేదాన్ని. కాళ్ళు చూడాలని తోచలేదు. పాపకు చుట్టే గుడ్డలు కూడా నా పాత చీరలు చింపినవే. వాటినిండా నా వెంట్రుకలు అంటుకుని ఉండేవి. దులిపి చుట్టే ఓపిక నాకుండేది కాదు.

అట్లా ఉండగా మా అమ్మ మమ్మల్ని చూడడానికి వచ్చింది. మునగాకు, బెల్లం, వేయించిన వేరుశనక్కాయలు మూట కట్టుకొచ్చింది. రెండు రాత్రులుండి పోయింది. పోయే ముందు మా ఊరి గుడిలో మంత్రించిన నల్లదారం పాప చేతికి కట్టింది. పాప మొలకు అప్పటికే మా అత్త కట్టిన నల్లదారం ఉంది. ఇంట్లో ఇద్దరు అవ్వలుంటే బిడ్డ ఒంటి మీద దారాలకు కొదవేముంటుంది. ఒకరు కట్టింది ఇంకొకరు విప్పకూడదని ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పకుండానే తెలిసిన సంగతి అది. విప్పితే కట్టినామె చేతిని తప్పుపట్టినట్టే. మా అమ్మ దారం కడుతుంటే మా అత్త చూసీ చూడనట్టు చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండింది. ఆమె మొహం మాడిందని నేను కనిపెట్టాను.

మా అమ్మ పోయిన మర్నాడో ఆ మర్నాడో పాపకు ఏడుపు పట్టుకుంది. ఊరికే పేచీ కాదు. పాలు తాగుతూ తాగుతూ ఉలిక్కిపడి వదిలేసి, గుక్కపట్టి ఏడ్చేది. కడుపునొప్పేమోనని వాము నీళ్ళు పట్టాం. వస అరగదీసి నాకించాం. చెవిపోటేమోనని చెవి దగ్గర వెచ్చటి గుడ్డ పెట్టాం. మిరపకాయలు, ఉప్పు దిగదుడిచి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు, దిష్టేనని తేల్చాం. పాప మాత్రం ఏడుస్తూనే ఉంది. నా పాలలోనే ఏదో చెడు చేరిందని, జుట్టు రాల్చే వేడి పాలలోకి దిగిందని ఎదురింటామె చెప్పింది. ఆవుపాలు పట్టి చూడమని సలహా ఇచ్చింది. నా జుట్టు పోతే పోనీ, నా పాలు కూడా పనికిరావా అని వంటింట్లో మూలకు కూర్చుని ఏడ్చాను.

ఆ రోజుల్లోనే పాప కాలి చివరి నుంచి రెండో వేలికి సన్నటి నల్లదారం చూశాను. వేలి మొదట్లో, మడతలో, చుట్టూ ఉంది. వేలు కాస్త ఎర్రగా ఉంది. మా వైపు కాలివేలికి దారం కట్టే అలవాటు లేదు. వీళ్ళింటి ఆచారమేమో, మా అమ్మ చేతికి కట్టిందని పంతానికి మా అత్త కాలికి కట్టిందేమో అనుకున్నాను. బిగుతుగా ఉందని తెలుస్తూనే ఉంది. విప్పాలని చెయ్యి పోయింది కూడా. విప్పితే ఆమె ఏమంటుంది? జడ చూసి తెచ్చుకున్న కోడలికి జడ లేకుండా పోయింది, ఇంక నోరు కూడా లేస్తోందా అంటుందేమో. ఆ భయంతో చెయ్యి వెనక్కి తీసుకుని, పాప కాళ్ళ మీద గుడ్డ కప్పేశాను.

రోజూ పాపకు నీళ్ళు పోసేది మా అత్తే. రెండు కాళ్ళూ చాపుకుని, వాటి మీద పాపను బోర్లా వేసుకుని, కాలి వేళ్ళ సందుల్లో కూడా పిండి పెట్టి రుద్దేది. ఆమెకు ఆ దారం కనపడకుండా ఉండదు. ఆమె తీయడం లేదంటే ఆమే కట్టిందన్నమాట అని నా లెక్క మరింత గట్టిపడింది. ఆమె ఆ రోజుల్లో నాతో ముభావంగా ఉండేది. మా అమ్మ మీద కోపమనుకున్నాను. నేనూ బిగుసుకుని తిరిగాను. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఏడ్చే బిడ్డను ఒకరి చేతిలోంచి ఒకరం అందుకుంటూ, ఆ వేలి గురించి మాత్రం ఇద్దరం నోరెత్తలేదు.

ఒక పొద్దున పాపకు గుడ్డ మారుస్తుంటే ఆ వేలు ద్రాక్షపండులా ఉబ్బి నల్లగా ఉంది. దారం కనపడటం లేదు, మాంసంలోకి దిగిపోయింది. ఇంక మర్యాద లేదు, ఏమీ లేదు. పాపను ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తాను. మా అత్త బట్టలు ఆరేస్తోంది.

"అత్తా, మీరు కట్టిన దారం కోసేస్తాను. మీరేమన్నా అనుకోండి" అన్నాను.

ఆమె తడి చీర చేతిలో పట్టుకునే తిరిగి చూసింది.

"యాడ కట్టినాను నేను? ఆ దారం కట్టింది మీయమ్మ గదా."

"మా అమ్మ కట్టింది చేతికి. కాలికి కట్టలేదు."

ఆమె చీర అక్కడే వదిలేసింది. అది మట్టిలో పడింది. పాప కాలు చేతిలోకి తీసుకుని, ఎండకేసి తిప్పి, గోటితో ఆ మడతను విడదీసింది. పాప కేకకు పక్కింటి వాళ్ళు గోడ మీదుగా తొంగి చూశారు. ఏదో కొస ఆమె గోటికి తగిలింది. సన్నగా లాగితే కాస్త దూరం వచ్చి తెగింది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో సాగదీసి చూసింది. దారమైతే పురి విడుతుంది. ఇది విడలేదు. ఎండలో మెరిసింది. ఆమె నా తల వైపు చూసింది. చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. అంతలోనే నాకు అర్థమైంది.

ఆ తర్వాత ఆసుపత్రికి ఎట్లా పోయామో సరిగ్గా జ్ఞాపకం లేదు. జట్కా కోసం ఆగలేదని మాత్రం గుర్తుంది. మా అత్త కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా పాపను భుజాన వేసుకుని ముందు నడుస్తోంది, వెనక నేను. అక్కడ ఒక లేడీ డాక్టరు ఉండేది. అరవం కలిసిన తెలుగు మాట్లాడేది. పాప కాలిని వెలుతురులో పెట్టి, మమ్మల్నిద్దరినీ గట్టిగా పట్టుకోమని, సన్నటి కత్తెరతో మాంసంలోకి దిగి మరీ కోసింది. ఒకటి కాదు, నాలుగైదు వెంట్రుకలు పురి పడి చుట్టుకుని ఉన్నాయి. నూనె, మురికి పట్టి అచ్చం దారమే. బయటికి తీసి తెల్లగుడ్డ మీద పెట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను.

వేలు బతుకుతుందా అని మా అత్త అడిగింది. ఇప్పుడే చెప్పలేనని డాక్టరమ్మ చెప్పింది. నలుపు తగ్గి ఎరుపు తిరిగితే వేలు నిలుస్తుంది, లేకపోతే తీసేయాలి, కాస్త ఓపిక పట్టి చూద్దామంది. తీసేయాలి అనే మాటను ఆమె మెల్లగానే పలికింది. నాకు మాత్రం చెవిలో అరిచినట్టు వినపడింది. ఈ తల గొరిగించుకుంటాను, ఇప్పుడే గొరిగించుకుంటాను అని అక్కడే నేల మీద కూలబడ్డాను.

డాక్టరమ్మ కసురుకుంది. లేపి కూర్చోబెట్టి, నా తల వంచి పాపిట విడదీసి చూసింది. కనురెప్పలు కిందికి లాగి చూసి, రక్తం లేదంది. కడుపుతో ఉన్నప్పుడు రాలాల్సినవి రాలకుండా నిలుస్తాయట. కాన్పయిన మూడు నాలుగు నెలలకు అవన్నీ కలిసి రాలతాయట. చాలామంది తల్లులకు ఇది మామూలేనట. దీనికి బిడ్డ నవ్వుతో పని లేదు, పాలతో పని లేదు, పాలు మానిపించారంటే ఊరుకోనని చెప్పింది. కొన్ని నెలలు పోతే దానంతటదే ఆగి, కొత్తవి మొలుస్తాయట. పెద్ద జ్వరం వచ్చిపోయినా, తిండి చాలకపోయినా, మనసులో దిగులు పెట్టుకున్నా ఇట్లాగే రాలుతుందట. అక్కడక్కడ గుండ్రంగా ఊడితేనో, తలలో పుండ్లు, పొలుసులు కనపడితేనో, ఏడాది దాటినా ఆగకపోతేనో అప్పుడు రమ్మంది. ఆకుకూరలు, రాగులు, బెల్లం, పప్పు బాగా తినమని, బలానికి మందు రాసిచ్చింది. తడి తల దువ్వొద్దు, గట్టిగా లాగి ముడి వేయొద్దు, ఊరికే రుద్దొద్దు అంది. బిడ్డను ఎత్తుకునేటప్పుడు తలకు గుడ్డ కట్టుకోమని, గుడ్డలు దులిపి చుట్టమని, రోజూ బిడ్డ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూడమని చివర చెప్పింది. ఆ చివరి మాటకు నేను తల ఎత్తలేకపోయాను.

వేలు నిలుస్తుందో లేదో తెలియని ఆ రోజులు ఎట్లా గడిచాయో దేవుడికే తెలియాలి. తలకు గుడ్డ గట్టిగా బిగించుకుని, పాలిచ్చే వేళ తప్ప పాపను ముట్టుకోలేదు. నా చేతికి తాకితేనే దానికేదో అవుతుందని భయం. మా ఆయన ఒక్క మాట కూడా కోప్పడలేదు. కోప్పడి ఉంటే కాస్త తేలికయ్యేది. పాప నన్ను చూసి మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది, కాలికి కట్టుతోనే. దాని నవ్వు చూసి మొహం తిప్పుకున్న రోజులన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. ఇప్పుడు కూడా తిరిగి నవ్వలేకపోయాను. ఈసారి కారణం వేరు.

కొండకు పోయి తల ఇచ్చేసి వస్తానని మా అత్తతో చెప్పాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత నన్ను పక్కన కూర్చోమంది.

"దేవునికిచ్చేది ఇష్టంగా ఇయ్యాల. నీ మీద నీకుండే కోపాన్ని తీసకపోయి ఆయన ముందర పారేస్తావా?" అంది.

నేను ఏడుస్తూ, నా జుట్టే కదా అత్తా బిడ్డ కాలు కోసింది అన్నాను.

"జుట్టుకేం తెలస్తాది అమ్మే. నాకు తెలుసు గదా. దినామూ ఆ కాలు కడిగింది నేను. బిగువుగా ఉండాదని సూసినాను. మీయమ్మ కట్టింది, నాకేంటికి, ఆమె బిడ్డ సూసుకుంటాదిలే అని మూతి ముడుసుకోని కూసున్నాను."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా అత్త కన్నీళ్ళు పెట్టడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. నేనూ అంతే, మీరే కట్టారనుకుని ఊరుకున్నానని చెప్పాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. పొయ్యి మీద పప్పు పొంగి మంట ఆరిపోయింది. లేచి మళ్ళీ ఊదాలని ఇద్దరికీ తోచలేదు.

వేలు నిలిచింది. ఒక ఉదయం కట్టు విప్పితే నలుపు అంచున ఎరుపు కనపడింది. గోరు ఊడిపోయి తర్వాత కొత్తది వచ్చింది. చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. డాక్టరమ్మ ఆ వేలిని తన వేలితో నొక్కి, రక్తం వెనక్కి రావడం చూపించి, ఇక భయం లేదంది. ప్రాణం లేచొచ్చింది మాకు. వేలి మొదట్లో చుట్టూ సన్నటి గాడి మాత్రం మిగిలిపోయింది. అది పోదని ఆమె ముందే చెప్పింది.

ఆ తర్వాత నా తల దువ్వడం మా అత్త తన చేతిలోకి తీసుకుంది. పాప నిద్రపోయాక నన్ను పెరట్లో కూర్చోబెట్టి, కింద తెల్లగుడ్డ పరిచి, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మెల్లగా చిక్కు తీసేది. రాలిన ప్రతి వెంట్రుకనూ ఏరి ఉండ చుట్టేది. జడ వదులుగా అల్లి, పైన గుడ్డ కట్టేది. మునగాకు వేయని రోజు లేదు మా ఇంట్లో. రేషను బియ్యంతో సరిపెట్టకుండా సంగటి ముద్ద నా తట్టలో ఒకటి ఎక్కువ వేసేది. కొన్ని నెలలకు రాలడం తగ్గింది, ఆ తర్వాత ఆగిపోయింది. నుదుటి మీద, కణతల మీద చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకుని మొలిచాయి. వీధిలో ఆడవాళ్ళు చూసి సంబరపడ్డారు, మీ అత్త చేతి నూనె గొప్పదన్నారు. నాకు సంబరం కలగలేదు. జడ మళ్ళీ లావెక్కుతున్న కొద్దీ దాన్ని నెత్తిన మోయడానికి సిగ్గుగా ఉండేది.

పాపకు అయిదేళ్ళ వయసప్పుడు ఒక శుక్రవారం పెరట్లో దానికి తలకు పోస్తున్నాను. మా అత్త పక్కనే చింతపండు గింజలు తీస్తోంది. పాప తన కాలు పైకెత్తి, ఈ వేలికి గీత ఎందుకుంది, మిగతా వాటికి ఎందుకు లేదు అని అడిగింది. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుందని తెలుసు నాకు. ఏం చెప్పాలో కూడా ఎన్నోసార్లు కూడబలుక్కున్నాను. అయినా నీళ్ళ చెంబు చేతిలో అట్లాగే ఉండిపోయింది.

"నేను కట్టినాను తల్లీ. దిష్టి తగలకూడదని దారం కట్టినాను. బిగుసుకోనింది" అంది మా అత్త, గింజల మీది నుంచి తల ఎత్తకుండా.

"ఏంటికవ్వా అంత గట్టిగా కట్టినావు?"

"తెలీక కట్టినాను."

పాపకు కోపమొచ్చింది. ఇంక నా కాలు పట్టుకోవద్దు పో అని అవ్వను కసిరింది. ఆ రోజంతా ఆమె దగ్గరికి పోలేదు, ఆమె చేతి ముద్ద తినలేదు. మా అత్త పిలవనూ లేదు, బతిమాలనూ లేదు. పాప నిద్రపోయాక, ఎందుకట్లా చెప్పారు అత్తా అని అడిగాను. తల్లి మీద బిడ్డకు చిన్న అనుమానం కూడా ఉండకూడదు, అవ్వ మీద ఉంటే ఏమయిందిలే అంది. రేపు నేను నిజం చెప్పేస్తానన్నాను. ఆ రేపు రాలేదు. చెప్పాలనుకున్న ప్రతిసారీ, ఇప్పుడు కాదులే, ఇంకాస్త పెద్దదైతే అర్థమవుతుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పిరికితనానికి సాకులు ఎన్నైనా దొరుకుతాయి.

మా అత్త పోయేనాటికి నా కూతురికి పెళ్లయి పిల్లలు కూడా. పరుగున వచ్చి శవం మీద పడి ఏడ్చింది. పక్కన కూర్చున్న బంధువులకు తన కాలు చాపి చూపించింది. అవ్వ కట్టిన దారం గుర్తు ఇది, చిన్నప్పుడు దీని గురించి అవ్వ మీద అలిగేదాన్ని, ఇప్పుడు అవ్వది నా ఒంటి మీద మిగిలింది ఇదొక్కటే అని ఆ వేలిని చేత్తో పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను దాని పక్కనే కూర్చుని ఉన్నాను. జడ ముడి వీడి భుజం మీద పడితే, ఎవరో వచ్చి ముడి వేశారు.